దుమ్ములో మాయమైన సైకిలు

మా చిన్నప్పుడు గుట్ట దిగాలంటే సైకిలు వెనక కొమ్మ కట్టుకునేవాళ్ళం...

బాడుగ సైకిళ్ళు. బ్రేకులు పేరుకే ఉండేవి. గుట్ట పైదాకా తోసుకుంటా ఎక్కి, ఆడ ఇంత లావు కానగ కొమ్మ విరిచి, క్యారియరుకు తాడుతో కట్టి, నేల మీద ఈడ్చుకుంటా దిగేది. ఆ బరువుకు సైకిలు మెల్లగ పోతాది. మా పావగడ పక్క పిల్లోళ్ళకు ఇది ఎవురూ నేర్పలేదు... పెద్దపిల్లోళ్ళను చూసి నేర్చుకున్నదే.

ఆ పొద్దు ఆదివారం. నలుగురం... నేను, శివన్న, ఓబులేసు, గంగాధర. అందరం హైస్కూల్లో ఒకే క్లాసు. గుట్ట అవతల శివన్న వాళ్ళ మామ తిమ్మప్ప చేన్లో బోరు లారీ వచ్చిందని తెలిసి బయల్దేరినాం. వానల్లేక, వేసిన శెనక్కాయ విత్తనం కూడా తిరిగి చేతికి రాని కాలం అది. బోరులో నీళ్ళు ఎగజిమ్మేది మాలో ఎవురూ చూసింది లేదు. ఎట్లుంటాదో చూడల్లని ఒకటే ఆత్రం.

జేబుల్లో వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క. దోవంతా అవే నములుకుంటా పోయినాం.

గుట్ట ఎక్కేసరికి బోరు మోత వినపడింది. కొమ్మలు కట్టుకున్నాం. దిగేదానికి ఒక పద్ధతి ఉండె మాకు. ఒకడు దిగినాక దుమ్ము అణగల్ల... అప్పుడే ఇంకొకడు దిగల్ల. కరువుకు దోవ పిండి మాదిరి అయిపోయింది. కొమ్మ ఈడిస్తే వెనక గోడ లేచినట్ల దుమ్ము లేస్తాది.

ఓబులేసు దిగినాడు. దుమ్ము అణిగినాక గంగాధర దిగినాడు. వాని దుమ్ము ఇంకా గాల్లోనే ఉండాది... శివన్న పెడలు మీద కాలు పెట్టేసినాడు.

"ఆగప్పా, అణగనీ" అన్నాను.

"నువ్వాగు. పెండ్లికూతురు మాదిరి సిగ్గూ నీకే, బయమూ నీకే. ఈలోపల నీళ్ళు పడిపోతే?" అని నవ్వి పోయినాడు.

దుమ్ములోకి పోయినాడు. మనిషి కనపడలేదు. కొమ్మ ఈడ్చుకుపోయే శబ్దం మాత్రం బర్రుమని వినపడతా ఉండె.

ఉన్నట్టుండి ఆ శబ్దం ఆగిపోయింది.

మెల్లగ తగ్గలేదు... కత్తితో కోసినట్ల ఆగిపోయింది.

దుమ్ము అణిగింది. అడుగున ఓబులేసు, గంగాధర నిలబడి నా పక్క చూస్తా ఉండారు. మధ్యలో దోవంతా ఖాళీ. శివన్న లేడు. సైకిలూ లేదు.

"యాడప్పా శివ?" అని కింద నుంచి ఓబులేసు అరిచినాడు.

సైకిలు ఆడనే పడేసి పరిగెత్తినా.

సగం దోవలో మలుపు. దాని పక్కనే పాత కపిల బాయి, చుట్టూ గోడ లేదు. ఎద్దులతో నీళ్ళు తోడే కాలంలో గిలక కోసమని ఒడ్డున నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు... మేం కూసాలంటాం... అవి మాత్రం మిగిలి ఉండె. ఆ రెండు కూసాలకు అడ్డంగా శివన్న కొమ్మ తట్టుకొని ఉండాది. దానికి కట్టిన తాడు బిగుసుకొని బాయిలోకి పోయింది.

తొంగి చూసినా...

తాడుకు సైకిలు వేలాడతా ఉండాది. ముందు చక్రం ఇంకా తిరుగుతానే ఉండాది. సీటును కరుచుకొని శివన్న, కాళ్ళు గాల్లో. కింద చుక్క నీళ్ళు లేవు. వాడు మంచి ఈతగాడే... ఏం లాభం, అడుగునంతా బండరాళ్ళు.

నేను పోయి కొమ్మ మీద కూర్చొని, కూసాన్ని గట్టిగా పట్టుకున్నా. వాళ్ళిద్దరూ రొప్పుకుంటా వచ్చినారు.

"సైకిలు ఇడిసిపెట్టి తాడు పట్టుకో రా!" అని గంగాధర అరిచినాడు.

"ఇడిస్తే సైకిలు షాపాయనకు ఎవురు చెప్తారు? మీ నాయనా?" అన్నాడు శివన్న కింద నుంచి.

నవ్వల్లనా ఏడవల్లనా తెలీలేదు. అంతలో టప్‌మని తాడులో ఒక పురి తెగింది. అంతే, వాడు సీటును ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

కూసానికి కాళ్ళు తన్నిపెట్టి ఇద్దరూ లాగినారు. ముందు క్యారియరు వచ్చింది. తర్వాత శివన్న తల. చొక్కా పట్టి గట్టు మీదికి ఈడ్చినారు. ఆడనే బోర్లా పడిపోయినాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

"ఇంక ఇడిసిపెట్టప్పా, వచ్చేసినాడు" అని ఓబులేసు నా వేళ్ళు ఒకొక్కటే విడదీసినాడు. నేనింకా కూసాన్ని పట్టుకొనే ఉండానని నాకు తెలీనే తెలీదు.

పైన పడేసిన నా సైకిలు దించుకొని, అందరం తోసుకుంటా చేను చేరినాం. బోరు మోత ఆగిపోయి ఉండె. నీళ్ళు పడలేదు. చేనంతా తెల్లటి రాతి పొడి. తిమ్మప్ప మామ ఆ పొడిలోనే గొంతుక్కూర్చొని ఉండాడు. ఓబులేసు జరిగిందంతా గడగడా చెప్పేసినాడు.

మామ లేచినాడు. శివన్న చేతులు తిప్పి చూసినాడు. తల నుంచి కాళ్ళదాకా తడిమినాడు. "నీళ్ళదేముందిలే" అన్నాడు.

ఇనప గడారి భుజాన వేసుకొని ఆ బాయికాడికే నడిచినాడు. పొద్దు గూకేదాకా రాళ్ళు పెకలించి ఒడ్డున అడ్డం పేర్చినాడు. మేం మోసినాం.

ఇప్పుడు ఆ బాయిని పూడ్చేసినారు. గుట్ట మీదికి తారు రోడ్డు వచ్చింది. మామ చేన్లో సోలారు పలకలు మెరుస్తా ఉంటాయి. ఆదివారం వస్తే బెంగళూరు పక్క నుంచి పిల్లోళ్ళు గుంపుగా, తలకు టోపీలు పెట్టుకొని, గేర్ల సైకిళ్ళ మీద వస్తారు. వేలు పెడితే చాలు, బ్రేకులు పట్టుకుంటాయంట.

నేనూ శివన్నా రోడ్డు పక్క మోరీ కట్ట మీద కూర్చొని చూస్తా ఉంటాం. వాళ్ళు దిగేటప్పుడు శివన్న చెప్పే మాట మధ్యలో ఆపేసి లేచి నిలబడతాడు. ఆఖరోడు మలుపు దాటినాకనే కూర్చుంటాడు. ఎందుకని నేను అడగను...

మీరూ చిన్నప్పుడు ఇట్ల గుంపు కట్టి సైకిళ్ళ మీద పోయింటే రాయండప్పా. పోయినోళ్ళందరూ ఇల్లు చేరినారా లేదా... అది కూడా రాయండి.