'నియర్ బస్ డిపో' అంట

ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో కారు నడుపుతాను. కొనేవాళ్లను సైటుకు తీసుకెళ్లేటప్పుడు అద్దాలు మూసి ఏసీ పెట్టాలి, మేనేజర్ ఆపకుండా మాట్లాడుతూనే ఉండాలి. దూరం తెలియకూడదని ఈ పద్ధతి.

ఈ రోజు వచ్చినామె ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున్నే మొదటి బస్సు అందకపోతే ఆమె పని పోతుంది. సైటులో దిగగానే అడిగింది: "సారూ, ఈడికెల్లి డిపోకు నడిచి పోవచ్చా?"

మేనేజర్ బ్రోచర్ చూపించాడు. "నియర్ బస్ డిపో అని ఇంగ్లీషులనే ఉంది కదమ్మా."

ఆమె నమ్మేసింది. నాకు ఒళ్లు మండింది. "నియర్ అంటే దగ్గర అక్కా. ఎవరికి దగ్గరనో రాయలే. కారుకు దగ్గర, నీ కాళ్లకు గంటన్నర" అన్నాను.

"డ్రైవర్‌గానివి, నీకేం ఇంగ్లీషొస్తదిరా?" అన్నాడు మేనేజర్.

"ఫోన్ల చూసి నేర్చుకున్న ఇంగ్లీషే సార్. తొవ్వ మాత్రం రోజూ తిరిగి నేర్చుకున్న."

ఆమె బ్రోచర్ మడిచి అతని చేతిలో పెట్టింది. తిరుగుదారిలో అద్దం దించి, డిపో వచ్చేదాకా రోడ్డునే చూస్తూ కూర్చుంది. సాయంత్రం నా దగ్గర కారు తాళం లాక్కున్నారు.

తెలుగులో రాస్తే దొరికిపోతామనే ఈ అబద్ధాన్ని ఇంగ్లీషులో రాస్తారు. మీ దగ్గర బోర్డుల మీదా 'నియర్' ఉంటే, ఒకసారి నడిచి, ఎంతసేపు పట్టిందో కింద రాయండి. రేపటి నుంచి నాదీ నడకే.