ఈశాన్యం మూలలో సింక్

పింగాణి సింకే కావాలని పట్టుబట్టింది నేను. స్టీలుది తేలిక, దాన్నే పెట్టించుకోమని చెప్పనివాళ్లు లేరు. నేను వింటేనా? వాకిట్లో గొంతుక్కూర్చుని బోళ్లు తోమి తోమి మా అత్తమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. నా నడుమూ అదే దారిలో ఉంది. ఇన్నేళ్లకు రేగొండలోని మా వంటింటికి సింక్ వస్తుంటే, అదేదో పదికాలాలు నిలిచేది ఎందుకు కాకూడదు? ట్రాలీ ఆటోలోంచి దాన్ని దించేసరికి ఇద్దరు మగవాళ్లకు ఆయాసం వచ్చింది.

మేస్త్రి దాన్ని చూసి, రెండు పక్కలా ఇటుక గోడలు లేపి, వాటి మీద కడప బండ వేసి, ఆ బండ మీద సింక్ కూర్చోబెడదామన్నాడు. సరేనన్నాను. అత్తమ్మ వచ్చి అడ్డం పడింది. ఆ మూల ఈశాన్యం. ఈశాన్యంలో నీళ్లుండొచ్చు గాని బరువుండకూడదు, ఉంటే ఇంటి పెద్దకొడుక్కి కీడు. ఆ పెద్దకొడుకు నా మొగుడే. భూపాలపల్లిలో బాయి పని, రోజూ భూమి లోపలికి దిగి బొగ్గు తీసే పని. ఆ మాట వినగానే మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఇటుకలు బరువైతే సింక్ ఏమన్నా దూదిపింజా అని అడిగాను. దానికీ ఆమె దగ్గర జవాబుంది.

"సింక్ గోడకు ఏలాడుతది. భూమి మీద బరువు వడదు గద" అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంకో సంగతైతే నేనూ వదిలేదాన్ని కాదు. కానీ బాయిలో ఉన్న మనిషి పేరెత్తితే నా నోరు పడిపోతుంది. రేపు ఆయనకు చిన్న దెబ్బ తగిలినా నా ఇటుకల వల్లే అంటారు, నేనూ అలాగే అనుకుని ఏడుస్తాను. మేస్త్రి గోడకు రెండు ఇనుప బ్రాకెట్లు బిగించి, సింక్ వాటి మీద పెట్టి, నిండా నీళ్లు పట్టొద్దని చెప్పి పోయాడు. నీళ్లు పట్టకపోతే అదేం సింక్?

ఒక మధ్యాహ్నం, అన్నం మాడిన పెద్ద బగోన అందులో వేసి నిండా నీళ్లు పట్టాను. అక్కడ చల్లగా ఉంటుందని అత్తమ్మ సరిగ్గా సింక్ కిందనే కాళ్లు చాపుకుని గోరుచిక్కుడు తుంచుతోంది. పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూస్తే ఆమె నెత్తి మీద సిమెంటు పొడి రాలుతోంది. పైన గోడకూ సింక్‌కూ మధ్య వేలు పట్టేంత సందు. ఎలా దూకానో తెలియదు, భుజం దాని కింద ఆనించాను.

"జరుగు అత్తమ్మా, జల్ది జరుగు."

లేవడానికి ఆ మోకాళ్లు ఒప్పుకోవద్దూ? చేతులు నేలకానించి కొంచెం కొంచెం వెనక్కి పాకుతోంది. బ్రాకెట్ కిర్రుమంటోంది. బిరడా లాగి నీళ్లు వదులుదామంటే, భుజం తీస్తే మొత్తం ఆమె కాళ్ల మీదే పడుతుంది. ఆ భయంలోనే ఆమెనూ ఆమె వాస్తునూ కడుపారా తిట్టుకున్నాను.

మొదటి షిఫ్టు దిగి మా ఆయన అప్పుడే వచ్చాడు. ముందు తల్లి చంకల కింద చేతులు వేసి పక్కకు లాగాడు. తర్వాత పెరట్లోంచి ఒక దుంగ తెచ్చి సింక్ కింద నిలబెట్టి, పైన మిగిలిన సందులో చెక్క చీల పెట్టి రోకలితో దిగ్గొట్టాడు. ఇంకా కిర్రుమంటోందా అని దుంగకు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఇంకో దెబ్బ వేసి, ఇక వదలమని నా భుజం తట్టాడు. వదిలాను. సింక్ కదల్లేదు.

అత్తమ్మ గోడకానుకుని ఆ దుంగనే చూస్తోంది. బాయిలో కూడా ఇలాగే పెడతారా అని అడిగింది. పైకప్పు కూలకుండా ఇలాగే పెడతామన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఆయన ఆ పనిలో చేరి ఏళ్లయింది. లోపల ఏముంటుందో ఆమె అడగడం నేనెన్నడూ వినలేదు. బాయి మాట వస్తేనే దేవునికి దండం పెట్టి లేచిపోయేది.

"మరి దుంగ పెట్టేదాక ఎవలు పట్టుకుంటరు కొడుకా?"

"ఎవలు పట్టుకోరు అవ్వా. జల్ది పెడ్తం."

అత్తమ్మ గోడ పట్టుకుని లేచింది. అప్పుడు గోడలకని తెచ్చి వాడని ఇటుకలు వాకిట్లో ఉన్నాయి. ఒక్కో ఇటుకా రెండు చేతులా పట్టుకుని, కుంటుకుంటూ తెచ్చి, ఈశాన్యం మూలలో, సింక్ కింద పేర్చడం మొదలుపెట్టింది. మేమిద్దరం వద్దన్నా వినలేదు.