మా మెస్సుని ఫోన్లో పెట్టిన అక్క

పొద్దున వంజరం చేప ముక్కలు కడుగుతుంటే నెట్ సెంటరక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు. నిద్రలోనే పోయినట్టుంది" అన్నాడు. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "హమ్మయ్య". ఏడుపు ఆ తర్వాత వచ్చింది. మీరు నన్ను తప్పుగా అనుకోవద్దు. కొన్ని నెలలుగా ఆ కేన్సరుతో ఆవిడ పడ్డ నొప్పి చూసినవాళ్ళెవరైనా అదే అంటారు. చివరి రాత్రి మాత్రం నొప్పి ఆవిడని లేపలేదు. నాకు అదే పెద్ద ఊరట.

కృష్ణపట్నం పోర్టుకి వెళ్ళే పాత రోడ్డు మీద మా ఊరు. బస్టాపు పక్కనే అక్క నెట్ సెంటర్. జిరాక్సులు, కరెంటు బిల్లులు, ఆధార్ దిద్దుబాట్లు, అన్నిటికీ అక్కడికే పోయేవాళ్ళం. ఆవిడకీ మాకూ చుట్టరికం లేదు, అయినా ఊరంతటికీ అక్కే. కొట్టు బయట బకెట్లో నీళ్ళూ సబ్బు ముక్కా పెట్టి ఉంచేది. వేట నుంచి నేరుగా వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపేసేది. "చేతులు కడుక్కోని రాబ్బయ్యా, నీ కార్డు కంపు కలెక్టరాఫీసు దాకా పోతుంది" అనేది. వాళ్ళు నవ్వుతూనే కడుక్కునేవాళ్ళు.

నాది చేపల పులుసు మెస్సు. మా ఆయన నడుము దెబ్బతిని వేటకి పోవడం మానేశాక మా ఇంటికి అదే ఆధారం. పోర్టు బస్సులూ, కంపెనీ బండ్లూ మా ముందు నుంచే పోయేవి కాబట్టి మధ్యాహ్నం బెంచీలు ఖాళీగా ఉండేవి కావు. అలాంటిది ఊరి వెలుపల కొత్త రోడ్డు పడింది. బండ్లన్నీ అటు మళ్ళాయి. మిగిలిపోయిన పులుసు సాయంత్రానికి ఇరుగుపొరుగుకి పంచేదాన్ని. ఈ నెల చూసి షెడ్డు ఖాళీ చేద్దామన్నాడు మా ఆయన. ఖాళీ చేసి ఎట్లా బతకాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ సంగతి విని అక్క తనే మెస్సుకి వచ్చింది. "రోడ్డు పోతే పోయిందిలే. ఇప్పుడు జనం రోడ్డు చూసి ఆగతా ఉండారా? ఫోన్ చూసి వస్తా ఉండారు. నువ్వు ఫోన్లో ఉండావా?" అంది. నేను లేను. దగ్గర్లో భోజనం ఎక్కడని ఆవిడ వెతికి చూపిస్తే గూడూరు హోటళ్ళు వచ్చాయి గానీ, మేము నిలబడ్డ మెస్సు రాలేదు.

అక్కడే కూర్చుని ఫోన్ మ్యాపులో మమ్మల్ని ఎక్కించింది. మొదటి ఫోటోగా మా గ్రామదేవత పటం పెట్టమన్నాను. ఏ పనికైనా ముందు అమ్మవారే కదా. అక్క ఒప్పుకోలేదు. "గుడనుకోని టెంకాయలు పట్టుకోని వస్తారే తల్లీ. అమ్మకి ఇంట్లో దణ్ణం పెట్టుకో, ఫోన్లో పులుసు చూపీ" అంది. బోర్డు మీద ఉన్న పేరు ఎవరూ పలకరని, అందరూ పిలిచే 'రేకుల మెస్' అనే పేరే పెట్టింది. శనివారం మూత అని కూడా రాయించింది. "వెతికేవాడు ఆకలి మీద ఉంటాడు. వాడికి నీ కథలొద్దు. దారి చెప్పు, టైము చెప్పు, కూరేందో చెప్పు. లేనిది మాత్రం చెప్పబాక" అనేది. ఊళ్ళో పంచర్ షాపు వాళ్ళకీ, టైలరుకీ, వలలు అమ్మే ఆయనకీ ఇదే పాఠం చెప్పింది.

మెల్లగా ఒకరూ ఇద్దరూ రావడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మేనేజరు ఫోన్ చేశాడు. థర్మల్ ప్లాంటులో రిపేరు పనులకి మనుషులు వస్తున్నారట, వాళ్ళకి రోజూ మధ్యాహ్నం భోజనం కావాలట. మర్నాడు వచ్చి చూస్తానన్నాడు. ఆ ఒక్క బేరం కుదిరితే షెడ్డు వదలక్కర్లేదు. నేను గిన్నెలన్నీ తోమించి కూర్చున్నాను. ఆయన రాలేదు. ఫోన్ చేస్తే, "మీ గురించి ఫోన్లో ఎవరో రాశారు కదమ్మా, ఆలోచించి చెప్తాం" అన్నాడు.

చూస్తే మా మెస్సు పేరు కింద ఐదు చుక్కలకి ఒకే ఒక్క చుక్క. కింద, "ఇక్కడికి ఎవురూ పోవద్దు. మనిషిని పిలిచే మర్యాద తెలీదు వీళ్ళకి" అని ఉంది. రాసింది మా సొంత అన్న.

మా పాపకి చెవులు కుట్టించాలనుకున్నాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టిస్తాం మేము. ఆయన ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. మెస్సు దిగుల్లో పడి నేను మనుబోలులో ఉన్న మా అన్నకి మెసేజీ పంపి ఊరుకున్నాను. అన్న రాలేదు. చెవులు కుట్టించడం ఆగిపోయింది. ఆయన కోపం వచ్చి మా మెస్సు మీద కూర్చుంది.

ఏడుస్తూ అక్క దగ్గరికి పోయాను. "ఆ మ్యాపు కంపెనీ వాళ్ళకి చెప్పి తీయించక్కా. లేకుంటే మా చుట్టాలందరి చేత మంచిగా రాయిస్తాను" అన్నాను. అక్క కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "ఇది కంప్యూటర్ రోగం కాదమ్మే. బొట్టు పెట్టి పిలవని రోగం. చుట్టాల చేత రాయిస్తే ఇంకో నలుగురికి కోపాలొస్తాయి. పద" అంది. కొట్టుకి తాళం వేసి, కుంకుమ భరిణ నా చేతికిచ్చి, నన్ను స్కూటరు ఎక్కించుకుంది.

అన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. వదిన మంచినీళ్ళు తెచ్చింది. నేను వదినకి బొట్టు పెట్టి, "అన్నా, పాప నీ ఒళ్ళోనే కూర్చోవాల. నువ్వు రాకుంటే దానికి కమ్మల్లేవు" అన్నాను.

"మెసేజీ పెట్టి పిలిస్తే వచ్చేదానికి నేనేమన్నా కొరియరా?" అన్నాడు అన్న.

"నీ చెల్లెలు ఫోన్లో పిలిచింది, తప్పే," అంది అక్క. "మరి నువ్వు తిట్టింది ఏడ నాయినా? అదీ ఫోన్లోనే గదా. ఇంటికొచ్చి తిట్టుంటే ఇంట్లోనే పోయేది. ఇప్పుడు దాని పొయ్యి ఆరిపోతా ఉంది."

మేనేజరు సంగతి నేను చెప్పాక అన్న మొహం వాడిపోయింది. "అంత దూరం పోద్దని నాకు తెలీదు. అది ఎట్ట తీసేసేది?" అని అక్కకి ఫోన్ ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు. పక్కన కూర్చుని చెబుతూ ఆయన చేతే తీయించింది. అన్న హుషారుగా ఇప్పుడు ఐదు చుక్కలు పెడతానన్నాడు. "ఏం పెట్టబాక. వచ్చి డబ్బులిచ్చి తిని, అప్పుడు పెట్టు" అంది. వదిన పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చుని నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి గుండె తేలికై.

మేనేజరుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పమంది అక్క. చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, తమ ఇంట్లోనూ ఇలాంటి మేనమామ ఒకాయన ఉన్నాడన్నాడు. వచ్చి, పులుసు తిని, ఒప్పుకున్నాడు. ఆ పనులు అయిపోయాక కూడా ఆ మనుషుల ద్వారా వేరేవాళ్ళు వస్తూనే ఉన్నారు. షెడ్డు మాకే ఉంది. పాప చెవులకి కమ్మలున్నాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక అక్కని చూడటానికి వెళ్ళేదాన్ని. తినగలిగేది కాదు. "ఈరోజు జనం వచ్చినారా?" అని మాత్రం అడిగేది. వచ్చారనేదాన్ని. అది నిజమే కాబట్టి ఆవిడ దగ్గర అబద్ధమాడే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

మంచం మీది ఆ మనిషిని నేను గుర్తుపెట్టుకోదలచుకోలేదు. రిపేరు పని వాళ్ళు మొదటిసారి భోజనానికి వచ్చిన మధ్యాహ్నం గుర్తుపెట్టుకుంటాను. బెంచీలన్నీ నిండిపోయాయి. మా ఆయన అన్నం గంప మోస్తున్నాడు, మా అన్న గరిటె పట్టుకుని పులుసు వడ్డిస్తున్నాడు. అప్పుడే అక్క కూడా అన్నానికని వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు. ఎవరినైనా కాస్త జరగమందామని నేను ముందుకు వెళ్ళబోతే వద్దని చెయ్యి ఊపింది. బయట రేకుల నీడలో గోడకి ఆనుకుని నిలబడి, ఆకలి సంగతే మరిచిపోయి, లోపల తింటున్నవాళ్ళని చూస్తూ ఉండిపోయింది.