ఉద్యోగానికి పెళ్లి వాకబు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో, అంటే విదేశంలో ఉద్యోగమిచ్చి వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ ఒక్కటైనా దొరక్కపోతుందా అని నేను వెతుకుతున్న రోజుల్లో, ల్యాబ్‌లో ఎవరూ లేని సమయం చూసి, పరీక్షకొచ్చిన రొయ్యలకు ఇంటర్వ్యూ ఇచ్చేదాన్ని. బకెట్ ముందు స్టూలు వేసుకుని, చున్నీ సర్దుకుని, "గుడ్ మార్నింగ్ సర్" అనేదాన్ని. అవి మీసాలు ఊపుతూ వినేవి. మనుషుల ముందు నోరు పెగలని నాకు వాటి ముందు ఇంగ్లీషు కాలవ పారినట్టు వచ్చేది. (ఇంటర్వ్యూ అయ్యాక ఆ పెద్దమనుషుల్నే కోసి మైక్రోస్కోపు కింద పెట్టాల్సి రావడం మాత్రం కాస్త ఇబ్బందిగా ఉండేది.)

మాది నాగాయలంక. ఉద్యోగం బంటుమిల్లిలో, చిన్న ఆక్వా ల్యాబ్‌లో. ఉండేది బందరులో, ఆడపిల్లల హాస్టల్లో. రైతులు చెరువు నీళ్లు కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకొచ్చేవారు. వాటిలో ఉప్పెంత, అమోనియా ఎంత, రొయ్యకు రోగమేమైనా ఉందా అని చూసి కాగితం మీద రాసివ్వడం నా పని. రాసివ్వడం కాబట్టే ఆ పని నాకు నచ్చింది. రోజూ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం, దొరక్కపోతే ఒళ్లో డైరీ. ఆ ఏడాది డైరీలో వాతావరణం కంటే ఎక్కువసార్లు కనిపించే మాట స్పాన్సర్. గుడివాడలో ఉండే మా పెద్దమ్మ కూతురికి ఇలాంటివన్నీ తెలుసు. "స్పాన్సర్ చెయ్యని కంపెనీకి ఎంత ప్రేమగా రాసినా దండగే. ముందు ఆ ఒక్క ముక్క అడుగు" అని ఫోన్లో పాఠం చెప్పేది. అడిగేదాన్ని. అందరూ ఎంతో మర్యాదగా కాదనేవారు. మా ల్యాబ్ సార్‌కి విషయం చెబితే, "స్పాన్సరంటే మన క్రికెట్ టోర్నమెంటుకి టీషర్టులిచ్చినట్టా?" అన్నారు. "అంతకంటే కొంచెం ఎక్కువేనండీ" అన్నాను. ఆ వారంలో నేను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదేనేమో.

అలాంటిది, స్కాట్లాండులో సాల్మన్ చేపపిల్లల్ని పెంచే ఒక హేచరీ నుంచి జవాబొచ్చింది. వీడియోలో ఇంటర్వ్యూ అయింది. నీళ్ల పరీక్షల గురించి ఏమడిగినా చెప్పాను. చివర్లో అక్కడి మేనేజరమ్మ, "మీరు చాలా మెల్లగా మాట్లాడతారు. ట్యాంకులో ఏదైనా తేడా కనిపిస్తే, పైవాళ్లు కాదంటున్నా నిలబడి చెప్పగలరా?" అంది. "చెప్పగలనండి" అన్నాను. ఆ మాట ఆవిడకు వినబడడానికి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. ఆ తరువాత ఉత్తరం రాశారు. మీరు మాకు నచ్చారు, స్పాన్సర్ చేస్తాం, కాకపోతే మీ పని తెలిసిన ఇద్దరి పేర్లు ఇవ్వండి, మా తరఫున హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేసి కనుక్కుంటారు, అని. ఒకరు ల్యాబ్ సార్. రెండో వ్యక్తి ల్యాబ్‌తో పని చేయించుకున్నవారై ఉండాలట. నేను ఏరియేటర్ మావయ్య పేరు ఇచ్చాను.

ఆయన నాకు ఏమీ కాడు. రొయ్యల రైతు. చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రింబవళ్లు నీళ్లను గిలక్కొట్టినట్టు ఆయన నోరు కూడా ఆగదు కనుక ఆ పేరు. ఆయన సీసా పట్టుకుని వచ్చినప్పుడు, తల వంచుకునే, "మావయ్య గారూ, నా గురించి ఎవరైనా ఫోన్ చేస్తే కాస్త మంచిగా చెప్పండి" అన్నాను. "ఏ ఊరివాళ్లమ్మా?" అన్నాడు. "ఫారిన్ అండీ" అన్నాను. ఆయన మొహం చాటంత అయింది. నా తల మీద చెయ్యి పెట్టి, "ఇంక నాకొదిలెయ్" అన్నాడు. ఉద్యోగం అన్న ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. సిగ్గు అలాంటిది, సగం వాక్యం దగ్గరే కూర్చుండిపోతుంది.

నాలుగు రోజుల తరువాత, సాయంత్రం టీ వేళకి, మావయ్య తాటిముంజల సంచీతో ల్యాబ్‌లోకి దూసుకొచ్చాడు.

"వచ్చింది అమ్మడూ ఫోను! ఇప్పుడే. కుర్రాడు ఎంత మర్యాదస్తుడనుకున్నావ్! మాటకి ముందు అండీ, వెనక అండీ. అమ్మాయి స్వభావం ఎలాంటిదండీ అన్నాడు. బంగారమండీ, వెయ్యి మాటలన్నా తిరిగి ఒక్క మాట అనదు, ఎదురు చెప్పడం అనేది ఆ పిల్ల ఒంట్లోనే లేదు అన్నా."

నా చేతిలోని గాజు గొట్టం స్టాండులోకి వెళ్లడం మరిచిపోయి గాల్లోనే ఉండిపోయింది.

"నలుగురితో కలిసిపోతుందా అన్నాడు. అత్తామావల్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటుందండీ అన్నా. కాసేపు మాట్లాళ్లేదు పాపం. ఆనందమేమో."

"తర్వాత?"

"ఎన్నాళ్లు పని చెయ్యాలనుకుంటోందండీ అన్నాడు. అక్కడ పట్టుకున్నా! ఈ కాలంవాళ్లు పైకి అనరు గానీ లోపల అదే భయం. ఉద్యోగం సంగతి మీరేం మనసులో పెట్టుకోకండి, రేపు ముహూర్తం పెట్టండి, ఎల్లుండి మానిపిస్తాం అని మాటిచ్చేశా. అబ్బాయి ఏం చేస్తాడు, ఎత్తెంత అని అడిగేసరికి మాత్రం ఫోన్ పెట్టేశాడు. ఇంక మీ నాన్నతోనే మాట్లాడతాడేమో."

మా వైపు పెళ్లీడు పిల్ల గురించి ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి మంచీచెడ్డా అడిగాడంటే దానికి ఒకటే అర్థం. వాకబు. అప్పుడు లోపాలు దాచి, నోరు లేని పిల్ల అని చెప్పడం తెలిసినవాళ్లందరి బాధ్యత. మావయ్య ఆ బాధ్యతను నూటికి నూరు పాళ్లు నెరవేర్చి, నా ఉద్యోగాన్ని నిండా ముంచాడు.

"మావయ్య గారూ, అది సంబంధం కాదండీ. ఉద్యోగం" అన్నాను.

"ఉద్యోగానికి స్వభావంతో పనేంటి?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆయన ఫోన్ అడిగి తీసుకుని, ఆ నంబరుకు నేనే చేశాను. (తెలియని మనిషికి నా అంతట నేను ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆ తరువాత ఎప్పుడో గుర్తొచ్చింది.) అవతలి ఆయన నొచ్చుకుంటూ, "రిపోర్టు రాసేశాను మేడమ్. ఎదురు చెప్పగలరా అన్న చోట లేదని రాశాను. ఉద్యోగంలో కొనసాగుతారా అన్న చోట కూడా లేదనే. ఐదింటికి పంపించెయ్యాలి" అన్నాడు. గోడ గడియారంలో నాలుగూ నలభై. ఇన్నాళ్ల వెతుకులాటకు ఇంకా ఇరవై నిమిషాల ఆయుష్షుంది. స్పీకర్ పెట్టి, ఫోన్ మావయ్య ముందుకు చాపాను.

"తూము సంగతి చెప్పండి."

ఆయన మొహం పాలిపోయింది. ఫోన్‌ను రెండు చేతులతో మూసేసి, "పిచ్చిదానా! అది చెబితే ఎవడన్నా నిన్ను చేసుకుంటాడా?" అని గుసగుసలాడాడు.

"చేసుకోవద్దండీ, ఉద్యోగంలో చేర్చుకుంటే చాలు."

"వద్దమ్మా, నా మాట విను..."

"చెప్పండి మావయ్యా!"

ఆ కేకకు లోపలి గదిలోంచి ల్యాబ్ సార్ బయటికొచ్చారు. సీసాలతో కూర్చున్న రైతులిద్దరు లేచి నిలబడ్డారు. గారూ, అండీ ఎక్కడ జారిపోయాయో నాకే తెలియదు. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ, ఇందాక మీ దగ్గర కొన్ని దాచానండీ. ఈ పిల్లకి నోరుంది. కిందటి వానాకాలం నా చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలింది. ఆ నీళ్లు కాలవలోకి వదిలేద్దామని తూము దగ్గరకెళ్లా. ఈ పిల్ల ఎలా తెలుసుకుందో, బస్సు దిగి గట్టమ్మట నడిచొచ్చి తూము పలకల మీద కూర్చుందండీ. ఆ కాలవ నీళ్లే దిగువ చెరువులన్నీ తోడుకుంటాయి, రోగం వాటికీ అంటుకుంటుంది, బ్లీచింగ్ కొట్టి ఆగాకే వదలాలి అంది. నా చెరువు నా ఇష్టం అన్నా. ఇంకా చాలా అన్నాలెండి. కదల్లేదు. వాన. గొడుగు కూడా లేదు. 'అయితే నన్ను కూడా కలిపి వదిలెయ్యండి' అంది. చివరికి నేనే పోయి బ్లీచింగ్ తెచ్చుకున్నా." గొంతు తగ్గింది. "దిగువ చెరువులన్నీ నిలబడ్డాయండీ. నేనీ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలా. ఆడపిల్ల కదా, గయ్యాళని పేరు పడుతుందని."

తనకే చిన్నతనమని చెప్పుకోలేదేమో అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఫోన్లోంచి టకటకమని టైపు చేస్తున్న చప్పుడు. "సార్, వాళ్లకు కావలసింది ఇదేనండీ. ఇంకొకసారి నెమ్మదిగా చెబుతారా? తూముని ఇంగ్లీషులో ఏమని రాయమంటారు?" ల్యాబ్ సార్, రైతులు, నేను ఒకేసారి నాలుగు రకాలుగా చెప్పాం. చివరికి 'గేటు' అన్న మాట దగ్గర రాజీ కుదిరింది. "మరి ఉద్యోగంలో కొనసాగుతారా?" అని అడిగాడాయన.

"మానదండీ" అన్నాడు మావయ్య. "మానమన్నా మానదు. కావాలంటే మీరే ఓసారి చెప్పి చూడండి."

పది రోజులకు స్పాన్సర్ లెటర్ వచ్చింది. బస్సులో ఉండగా చూసుకున్నాను. పెడన దాటిందీ తెలియదు, బంటుమిల్లి దాటిందీ తెలియదు. కండక్టర్ వచ్చి, "ఎక్కడ దిగాలమ్మా?" అంటే, "స్కాట్లాండ్" అనబోయి నాలిక కరుచుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ, ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుని ట్యాంకుల మధ్య తిరుగుతుంటాను. తేడా కనిపిస్తే చెబుతాను, వినకపోతే మళ్లీ చెబుతాను. మొన్న సెలవు రోజున ఆ వానాకాలం నాటి డైరీ తీసి తూము రోజు ఏం రాసుకున్నానా అని వెతికాను. ఒక్క వాక్యం ఉంది: "ఈ రోజు ఒకరితో కొంచెం గట్టిగా మాట్లాడాను, తప్పేమో." తడిసిన చున్నీతో బస్సెక్కి, తిరుగు ప్రయాణమంతా క్షమాపణ ఎలా చెప్పాలా అని ఆలోచించిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త బెంగ కూడా వేస్తుంది, ఎదురుపడితే ఆ అమ్మాయి నాతో మాట్లాడడానికి మొహమాటపడుతుందేమోనని. నేను బయల్దేరిన రోజు బందరు బస్టాండుకు మావయ్య ఎండురొయ్యల పొట్లంతో వచ్చాడు. బస్సు కదిలాక కూడా కిటికీ ఊచ వదలకుండా నాలుగడుగులు నడిచాడు.

"అమ్మడూ, ఈసారి నీ గురించి ఎవడన్నా ఫోన్ చేస్తే, ఉద్యోగమైనా సంబంధమైనా తూము సంగతే ముందు చెబుతా. అది విన్నాక కూడా ఫోన్ పెట్టెయ్యనివాడే మనకి కావల్సింది!"