ఉద్యోగాలు ముందు, చదువు తర్వాత

కంచరపాలెంలో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతాను. పూర్తికావస్తున్న కొత్త జెట్టీలో స్థానికుల ఉద్యోగాల గురించి ఈ రోజు ద్వారకా నగర్‌లో పోర్టు అధికారులు సమావేశం పెడితే, మా విద్యార్థిని నూకరత్నాన్ని తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న పడవ పెట్టుకునే ఒడ్డు ఆ జెట్టీ కిందే పోయింది. తనకేమో క్రేన్ నడపాలని కోరిక.

“క్రేన్ కోర్సు వచ్చే ఏడాది పెడతామమ్మా. ఇప్పటికి చేపల పచ్చళ్ళ శిక్షణలో చేరు” అన్నాడు ఒక అధికారి.

“నాను పుట్టిందే సేపల మధ్యన సార్. మరి అక్కడ క్రేన్లు ఎవులు నడుపుతారు?”

“వాళ్ళని బయట నుంచి తీసేసుకున్నాం. వచ్చే నెల చేరతారు.”

నూకరత్నం కూర్చోలేదు. “అయితే ఆళ్ళ పక్కన నిలబెట్టి నేర్పండి సార్” అంది. ఆయన భోజనానికి లేచాడు.

ఉద్యోగాలన్నీ నిండాక నేర్పే చదువుని ఏమంటారో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.