అలికిన పొయ్యి

మొన్న మా బ్యాంకు పక్క దొడ్లో ఎవరో ఎండు కొబ్బరాకులు తగలబెడితే ఆ పొగ కౌంటర్ దాకా వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లనైపోయి నాన్న స్కూటర్ మీద ముందు నిలబడ్డాను.

నాన్న రావులపాలెంలో బ్యాంకు ఫీల్డాఫీసరు. వేసవి సెలవుల్లో నా అల్లరి పడలేక అమ్మ నన్ను ఆయన వెంట తోలేసేది. అరటిగెలల లారీలు, మాగిన చక్కెరకేళీ వాసన, లంకల మీంచి కొట్టే వేడిగాలి, దారిలో తాటిముంజెలు, ఇవన్నీ దాటుకుంటూ అప్పు అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. కాగితాలు సంచిలో పెట్టేసి పని జరిగే చోటు చూడటం నాన్న పద్ధతి. ‘కాగితం అబద్ధమాడొచ్చు గానీ పొయ్యి ఆడదు’ అనేవారు.

ఒకసారి పూతరేకులు చేసే నూకరత్నం గారింటికి వెళ్ళాం. బియ్యం, నెయ్యి అరువిచ్చే షావుకారుకే రేకులన్నీ అతను చెప్పిన ధరకు ఇచ్చేయాల్సి వచ్చేది ఆవిడకి. బ్యాంకు అప్పిస్తే సరుకు తనే కొనుక్కుని తన ధరకు అమ్ముకోవచ్చని ఆశ. మేమొస్తున్నామని నాన్న ముందే కబురు పెట్టారు. వెళ్ళేసరికి వాకిట్లో ముగ్గు, ఎరువు తెచ్చిన కుర్చీ, పెట్టెలోంచి తీసిన మంచి చీరలో ఆవిడ, పళ్ళెంలో సున్నుండలు. వంటపాకలో పొయ్యి శుభ్రంగా అలికి ఉంది. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో వ్యాపారమేమిటని నాన్న పెదవి విరిచి, ‘చూద్దాంలెండి’ అని లేచారు. ఆవిడకి అర్థమైంది, కళ్ళు దించుకుంది. నాలుగు సున్నుండలు తిని వట్టి చేతులు చూపడానికి నాకైతే సిగ్గేసింది.

వీధి చివర కొబ్బరాకులు అమ్మే ముసలాయన్ని నాన్న అలవాటుగా ఆవిడ సంగతి అడిగారు.

“రోజూ మోపుడు ఆకులు అట్టుకెళ్తదండి. తమరొస్తున్నారని నిన్నే పొయ్యార్పేసి అలికేసిందండి. ఆఫీసరు గార్ని పొగలో కూర్చోబెడుద్దేంటండి?”

నాన్న స్కూటర్ వెనక్కి తిప్పారు. గుమ్మంలో నిలబడే చెప్పారు.

“తప్పు నాదమ్మా. మర్యాద కోసం పని మానేస్తారని తట్టలేదు. రేపు మీ పని మీరు చేసుకోండి, నేనొచ్చి పక్కన నిలబడతాను.”

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. బోర్లించిన కుండ కింద మంట భగ్గుమంటోంది. పిండిలో ముంచిన గుడ్డ ఆవిడ కుండ మీద అలా పరిచి ఇలా తీసేస్తుంటే, ఉల్లిపొర లాంటి రేకు లేచి వస్తోంది. పొగకి నాన్న కళ్ళమ్మట నీళ్ళు. అయినా కదల్లేదు. అప్పు మంజూరైంది. ఆ తర్వాత ఆయన ఎవరింటికీ కబురు పెట్టి వెళ్ళలేదు.

ఇప్పుడు అప్పులు చూసేది నేనే. ఎవరింటికీ వెళ్ళక్కర్లేదు, స్కోరు కంప్యూటరే చెబుతుంది. పోయిన వారం అప్పడాలు చేసే ఒకావిడ అర్జీ పెట్టింది. ఇంతకు ముందు ఎక్కడా అప్పు తీసుకోలేదు కాబట్టి స్కోరు లేదు. స్కోరు లేదు కాబట్టి కాదన్నాను. ఆవిడ సరేనండి అని దండం పెట్టి వెళ్ళిపోయింది. ఊరి పేరు అర్జీ మీదే ఉంది, ఆటోలో పావుగంట. ఇంకా వెళ్ళలేదు.