మంత్రిగారి ఎనిమిదో ఉద్యోగం

పొలిటికల్ సైన్స్ చదివినవాళ్ళకి ఏం ఉద్యోగాలొస్తాయని ఎవరైనా అడిగితే చాలు, మంత్రిగారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మంత్రిగారంటే నిజం మంత్రి కాదు లెండి. డిగ్రీలో ఆ సబ్జెక్టు తీసుకున్న రోజున వాళ్ళ బాబాయి "ఏమ్మా మంత్రిగారూ, ప్రమాణ స్వీకారం ఎప్పుడు?" అని పగలబడి నవ్వాడు. ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. పెళ్ళయి అత్తారింటికొస్తే అక్కడికీ వెంటబడి వచ్చింది. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా మంత్రిగారే.

పీజీ చేతిలో పట్టుకుని ఆవిడ తిరగని గుమ్మం లేదు. ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పింది. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో నోట్సు రాసింది. సర్వే కంపెనీ తరఫున ఇంటింటికీ వెళ్ళి "మీరు ఎవరికి ఓటేస్తారండీ?" అని అడిగి కుక్కలచేత తరిమించుకుంది. పత్రికలో ఏడాదిన్నర చేసింది, ఆ పత్రికే మూతపడింది. ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయనకి ఉపన్యాసాలు రాసిపెడితే, ఆయన ఓడిపోయి, ఓటమికి కారణం ఆ ఉపన్యాసాలేనని ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత ఒక సేవాసంస్థలో నివేదికలు. ఏడోది మాత్రం ఎవరికీ చెప్పదు, పదకొండు రోజులు ఫోన్లో ఇళ్ళ స్థలాలు అమ్మింది. ఒక్క గజం కూడా అమ్ముడుపోలేదు.

ఇలా ఉండగా పురపాలక సంఘం ఆఫీసులో ఉద్యోగం దొరికింది. కౌన్సిల్ సమావేశాల్లో ఎవరేం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసి, టైపు చేసి, పుస్తకంలో అతికించాలి. ఏడాది పాటు పరీక్షా కాలం. ఏడాది చివర హెడ్ క్లర్కు మంచి రిపోర్టు ఇస్తే పర్మనెంటు, లేదంటే ఇంటికి. వచ్చినరోజే మంత్రిగారు గట్టిగా నిశ్చయించుకుంది. ఈ కుర్చీలోంచి ఇక లేవను, క్రేన్ పెట్టి లేపినా సరే.

కానీ కుర్చీలో కూచున్నా కాళ్ళు కూచోవు కదా. బల్ల కింద మడమ టకటకా కొట్టుకుంటూనే ఉండేది. ఇంట్లో కూర తరుగుతూ మధ్యలో లేచి, కాగితాలు బ్యాగులో ఉన్నాయో లేవో చూసుకొచ్చేది. భర్తది బస్సు డిపోలో వచ్చేపోయే బండ్ల టైములు రాసే పని. పందొమ్మిదేళ్ళుగా అదే కిటికీ దగ్గర, అదే స్టూలు మీద. "నువ్వొక చోట కుదురుగా నిలబడగా చూడాలని ఉందోయ్" అనేవాడు. అత్తగారైతే ఏకంగా క్యాలెండరులో పరీక్షా కాలం అయిపోయే తారీకు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టింది. పాలవాడొచ్చినా ఆ గుండ్రమే చూపించేది, "మా కోడలికి ఆ రోజుతో ఖాయమవుతుంది" అని.

ఆఫీసులో హెడ్ క్లర్కుని వెనకాల అందరూ అంతేగారు అంటారు. ఏ మాటకైనా చివర "అంతే" అని పెట్టి లేచిపోతాడాయన. చెడ్డవాడు కాదు. పని ఆగితే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. వచ్చిన మొదటి వారంలోనే ఆయన మంత్రిగారికి ఆ ఆఫీసు పద్ధతి చెప్పాడు.

"చూడమ్మా, సమావేశం ముందు రోజే తీర్మానాలన్నీ టైపు చేసేసుకోవాలి. ప్రతి అంశం కింద 'చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని కొట్టెయ్. తేడా వస్తే తర్వాత మార్చుకుంటాం. నేనొచ్చిన ఇరవై రెండేళ్ళలో తేడా వచ్చింది మూడుసార్లు. అంతే."

"జరగకముందే ఎలా రాస్తామండీ?"

"జరిగాక రాస్తూ కూచుంటే ఇంజనీర్లకి కాగితాలు ఎప్పుడందుతాయి? పనులెప్పుడు మొదలవుతాయి?"

మంత్రిగారు చదువుకున్న పుస్తకాల్లో ఇది లేదు. ఐతే ఉద్యోగం పుస్తకాల్లో లేదు కదా, ఇక్కడుంది. పది నెలలు అలాగే కొట్టింది. అప్పుడప్పుడూ ఒక మాట తేడా వస్తే సమావేశం కాగానే పరిగెత్తుకెళ్ళి మార్చేది. ఎవరూ తప్పు పట్టలేదు.

పదకొండో నెల సమావేశంలో పద్నాలుగో అంశం పాత మార్కెట్ వరండాది. ఆ వరండాలో పదకొండుమంది దర్జీలు మిషన్లు వేసుకుని కూచుంటారు. వాళ్ళని ఖాళీ చేయించి అక్కడ స్కూటర్లు నిలిపే చోటు చెయ్యాలని ప్రతిపాదన. ఆ పొద్దున్నే ఇంజనీరు మనిషిని పంపాడు, పద్నాలుగో తీర్మానం కాపీ త్వరగా కావాలని. సమావేశం పదకొండున్నరకి. పదకొండుకే మంత్రిగారు ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చేసింది. ఆమె మనసు అక్కడ లేదు. అంతేగారు రిపోర్టు రాయడం మొదలెట్టాడని ఎవరో చెప్పారు. అందులో ఏం రాస్తాడోనని బుర్ర బొంగరంలా తిరుగుతోంది.

పద్నాలుగో అంశం చదవగానే పదిహేడో వార్డు సభ్యురాలు లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళుగా సభ్యురాలే, ఇంతవరకూ హాజరు పట్టీలో సంతకం తప్ప ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు. నోట్లో నాలుక లేదనుకునేవారు అందరూ.

"నాకిది ఇష్టం లేదు. వాళ్ళు మా వార్డువాళ్ళు. ఎక్కడికి పోతారు?" అంది.

అధ్యక్షుడు గడియారం చూసుకుని "సరేనమ్మా, చూద్దాం, చూద్దాం. తర్వాతది" అన్నాడు.

మంత్రిగారి చేతిలో పెన్ను లేచింది. లేచింది లేచినట్టే ఆగిపోయింది. ఆ కాగితం వెళ్ళిపోయింది కదా! సభ్యుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా చేతులెత్తించి లెక్కపెట్టాలి, అలా లెక్కపెట్టకుండా ఆమోదించినట్టు రాయకూడదు. అక్కడి నిబంధన అది. ఆ గదిలో దాన్ని చదివినది బహుశా మంత్రిగారొక్కతే.

సమావేశం కాగానే అంతేగారి దగ్గరికెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"కాగితం ఇచ్చేశావా?"

"ఇచ్చేశానండీ."

"మరి ఇంకేముంది? ఆవిడ ఏదో అంది, అధ్యక్షుడు సరే అన్నాడు. ఇప్పుడు వెనక్కి తెస్తే ముందే ఎలా ఇచ్చావని నిన్నడుగుతారు. నన్నూ అడుగుతారు. నీ రిపోర్టు నా బల్ల మీదే ఉంది తల్లీ, చాలా బాగా రాశాను. దాన్ని పాడు చేసుకోకు. అంతే."

మంత్రిగారు బయటికొచ్చి నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు తాగింది.

నాలుగో రోజు పదిహేడో వార్డమ్మే ఆఫీసుకొచ్చింది. దర్జీలకి నోటీసులందాయి, నెలరోజుల్లో ఖాళీ చెయ్యాలని. "నేను వద్దన్నాను కదమ్మా. పుస్తకంలో నా మాట ఎక్కడుందో ఒక్కసారి చూపించు, వాళ్ళకి చెప్పుకోవాలి" అంది.

"టైపింగులో ఉందండీ" అంది మంత్రిగారు. అబద్ధం! ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, ఏడు ఉద్యోగాల అనుభవం మరి. ఆవిడ "సరేనమ్మా, మళ్ళీ వస్తా" అని నమ్మి వెళ్ళిపోయింది. ఆ నమ్మడమే మంత్రిగారికి కంట్లో నలుసయింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజునుంచి మంత్రిగారికి తిండి సయించలేదు. సాయంత్రం రెండు స్టాపుల ముందే బస్సు దిగి, పాత మార్కెట్ వైపు నడిచేది. వరండా చివరిదాకా వెళ్ళి, మిషన్ల చప్పుడు విని, ఎవరైనా తలెత్తితే దొంగలా తిరిగొచ్చేసేది. ఒకరోజు భర్త పట్టుకున్నాడు, ఏమైందో చెప్పమని. చెప్పింది.

"నేనైతే ఊరుకునేవాణ్ణి" అన్నాడు. "నిజం చెప్తున్నా. మనకి ఆ జీతం కావాలి."

"నాకు తెలీదా కావాలని?"

"మరి ఊరుకో."

"ఊరుకోవడం రావట్లేదు కదా, అదే నా ఖర్మ!" అని అరిచింది మంత్రిగారు. పక్క గదిలో అత్తగారు దగ్గింది.

తర్వాతి సమావేశం ఇరవై ఆరో రోజున. ప్రతి సమావేశంలోనూ మొదట చేసే పని, పోయిన నెల తీర్మానాలు చదివి సభ చేత ఖాయం చేయించుకోవడం. చదివేది మంత్రిగారే. రైలు బండిలా చదవాలి, ఎందుకంటే అప్పుడే సభ్యులకి టీలొస్తాయి, కప్పుల గలగలలో ఎవరూ వినరు. పన్నెండు చదివింది. పదమూడు చదివింది. కాగితం మీద పద్నాలుగో అంశం కింద ఏకగ్రీవమనే ఉంది. తన చేత్తో తనే కొట్టింది.

ఆవిడ కాగితం మీదనుంచి కళ్ళు తీసేసింది.

"పద్నాలుగు. మార్కెట్ వరండా విషయం. పదిహేడో వార్డు సభ్యురాలు అభ్యంతరం తెలిపారు. ఓట్లు లెక్కించలేదు. కనుక ఈ అంశం ఆమోదం పొందలేదు. తీర్మానం కాపీ సమావేశానికి ముందే పొరపాటున జారీ అయింది. ఆ పొరపాటు నాది."

గడగడా చదివేసి పదిహేనులోకి వెళ్ళిపోయింది. చెమటకి కాగితం వేళ్ళకి అతుక్కుంటోంది.

చదవడం అయ్యాక అధ్యక్షుడు బిస్కెట్టు నములుతూ "అందరికీ ఆమోదమేనా?" అన్నాడు. "ఆమోదమే, ఆమోదమే" అని ఇరవైరెండు గొంతులు అలవాటుగా అన్నాయి. ఒక్కరూ వినలేదు! సభ ఖాయం చేసింది కనుక ఇక పుస్తకంలోకి ఎక్కేది ఆ చదివిన మాటే. పదిహేడో వార్డమ్మ మాత్రం టీ కప్పు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది, నోటి దాకా కూడా తీసుకెళ్ళకుండా.

అంతేగారు మంత్రిగారి వైపు వంగాడు. "ఏం చదివావు నువ్వు?"

"జరిగింది చదివానండీ."

ఆయన ఆ పూట అంతే అనలేదు. మధ్యాహ్నానికల్లా ఇంజనీరు గోలగోల చేశాడు, నోటీసులు ఆగిపోయాయి, వచ్చే శుక్రవారం ఆ ఒక్క విషయం మీదే ప్రత్యేక సమావేశం పెట్టి చేతులెత్తిస్తామన్నారు. సాయంత్రం అంతేగారు పిలిచి ఒక కవరు చేతిలో పెట్టాడు. అందులో కొత్త రిపోర్టు ఉంది. పనిలో శ్రద్ధ గలదు, పద్ధతికి కట్టుబడదు, స్థిరపరచుటకు సిఫారసు చేయలేము. "నా పరిస్థితి కూడా ఆలోచించమ్మా. రాయకపోతే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంత్రిగారికి ఆయన మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది, లోకం మీద వచ్చింది, ఆ చదువు మీద వచ్చింది. పదకొండు గంటలకి ముద్ర కొట్టకుండా ఉంటే ఇదేదీ ఉండేది కాదు కదా! మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ముక్కు ఎగబీల్చుకుంటూ, చిన్నపిల్లలా ఏడ్చింది.

పదిహేడో వార్డమ్మ మెట్లు దిగుతూ చూసి ఆగింది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఉద్యోగం పోయిందండీ."

"అయ్యో! నా మూలానా?"

"కాదు. నా మూలానే. ఆ రోజు మీకు అబద్ధం కూడా చెప్పాను."

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మంత్రిగారి పక్కనే కూచుంది. "అది తర్వాత తిడతాలే. శుక్రవారం చేతులెత్తిస్తారట. నాకేం తెలుసు? ఏం మాట్లాడాలి, ఎప్పుడు లేవాలి, చూద్దాం చూద్దాం అంటే ఏమనాలి? ఇవన్నీ నీకెలా తెలుసు?"

"చదువుకున్నానండీ. ఐదేళ్ళు."

"ఐదేళ్ళా! నాకు శుక్రవారం లోపల చెప్పెయ్."

మంత్రిగారికి ఏడుపులోనే నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ళలో ఆ చదువు తనకి కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి ఈవిడ. చెంగుతో మొహం తుడుచుకుంది. కవరు తిప్పి, దాని వెనకవైపు పెన్నుతో ఇరవై మూడు గీతలు గీసింది.

"సభ్యులు ఇరవై ముగ్గురు. పన్నెండు చేతులు మనవైపు లేవాలి. మీకు వీళ్ళలో ఎవరు తెలుసు?"

"తెలియడమేంటి? కౌన్సిలుకి రాకముందు ఇరవై ఏళ్ళు బడిలో వంట చేశాను. వీళ్ళలో తొమ్మిదిమందికి నా చేత్తోనే అన్నం పెట్టాను."

మంత్రిగారు తొమ్మిది గీతలకి సున్నా చుట్టింది. పక్కనున్నావిడ గీతకి ఇంకో సున్నా చుట్టింది.

"ఐతే ఇంకా ఇద్దరు కావాలి" అంది. "లేవండి, చీకటి పడకముందు ఒకరింటికైనా వెళ్దాం."